పక్కింటి కుక్కను మచ్చిక చేసుకోవడం: కంచె దగ్గర మొరుగుడు తగ్గించే పూర్తి పద్ధతి

కడప చుట్టుపక్కల ముందు వైపు ఇటుక గోడ కట్టుకున్నవాళ్లు కూడా పెరటి వైపు నాపరాళ్లతో సరిపెట్టుకోవడం మామూలే. ఎర్రగుంట్ల వైపు గనుల నుంచి ట్రాక్టరులో దింపించిన బండల్ని నిలువుగా పాతేస్తారు. బండకూ బండకూ మధ్య రెండు వేళ్లో నాలుగు వేళ్లో పట్టే సందు మిగులుతుంది. ఆ సందు అవతల కుక్క ఉంటే రోజూ తలనొప్పే. స్కూటర్ స్టాండు తీసినా మొరుగుతుంది, బట్టలు ఆరేయడానికి పెరట్లోకి అడుగు పెట్టినా మొరుగుతుంది. చంటిపిల్ల నిద్ర లేస్తుంది, పెద్దవాళ్లకు టెన్షన్, చివరికి రెండిళ్ల మధ్య మాటలు కూడా తగ్గిపోతాయి.

దీనికి కర్ర అక్కర్లేదు, పంచాయితీ అక్కర్లేదు. ఓపిక ఉంటే చాలావరకు ఇంటి కుక్కలను మచ్చిక చేసుకోవచ్చు. మీరు కనబడటం ఆ కుక్కకు మంచి కబురు కావాలి, ఇక్కడ చెప్పే పనులన్నీ దానికోసమే. ఎంత తొందరగా కుదురుతుందో కుక్క స్వభావాన్ని బట్టి ఉంటుంది. కొన్నింటికి వారం పది రోజులు చాలు, కొన్నింటికి నెలలు పడుతుంది.

ముందే ఒక జాగ్రత్త. ఇంతకుముందు మనిషిని కరిచిన కుక్క, పిల్లలు పెట్టిన తల్లి కుక్క, జబ్బుతోనో దెబ్బతోనో ఉన్న కుక్క, ఈ మూడింటి దగ్గరా సొంతంగా ప్రయత్నాలు చేయకండి. తల్లి కుక్క అయితే పిల్లలు పెద్దయ్యేదాకా ఆగండి. మిగతా రెండింటికీ పశువైద్యుడి సలహా తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

ముందు అది ఎందుకు మొరుగుతోందో చూడండి

మొరుగుడంతా ఒకటే అనుకుంటే పని చెడుతుంది. కంచె దగ్గర మొరిగే కుక్కల్లో మామూలుగా నాలుగు కారణాలు కనబడతాయి, ఒక్కోసారి రెండు మూడు కలిసే ఉంటాయి.

మొదటిది కాపలా. పాలవాడు వస్తాడు, కుక్క మొరుగుతుంది, పాలు పోసి వెళ్లిపోతాడు. పేపరు అబ్బాయి అంతే, గ్యాస్ బండ తెచ్చినతను అంతే. వాళ్ల పని అయిపోయి వెళ్తున్నారని కుక్కకు తెలియదు. నేను మొరిగాను కాబట్టే పోయారు అన్నదే దానికి అర్థమయ్యేది. రోజుకు పదిసార్లు గెలుస్తున్న పనిని అదెందుకు మానుకుంటుంది? మీరు కూడా పెరట్లోకి వచ్చి అది మొరగగానే విసుక్కుని లోపలికి వెళ్తున్నారంటే దాని లెక్కలో అది ఇంకో గెలుపు.

రెండోది భయం. చిన్నప్పుడు కొత్త మనుషుల్ని పెద్దగా చూడకుండా పెరిగినవీ, రాళ్ల దెబ్బలు తిన్నవీ మనిషి దూరంగా ఉండగానే మొదలుపెడతాయి. మీరు ఒకడుగు ముందుకేస్తే అది రెండడుగులు వెనక్కి పోయి మొరుగుతుంది, మీరు వెనక్కి తిరిగితే ముందుకొస్తుంది.

మూడోది కంచె వల్ల పుట్టే చిరాకు. వచ్చి వాసన చూడాలని ఉంటుంది, బండలు అడ్డం. పైగా ఆ సందుల్లోంచి దానికి మనిషి పూర్తిగా కనబడడు. ఒక కాలు, ఒక బకెట్టు, చీర కొంగు ముక్కలు ముక్కలుగా కదిలిపోతుంటాయి. వీధిలో నడిపించినప్పుడు ఎవరి మీదా మొరగని కుక్క కూడా కంచె వెనక మాత్రం రెచ్చిపోవడానికి ఇదొక కారణం.

నాలుగోది, అందరూ మరిచిపోయేది, ఒంటరితనం. పొద్దున్నుంచి రాత్రి దాకా రెండు గజాల గొలుసుకు కట్టేసి ఉన్న కుక్కకు రోజంతటిలో జరిగే ఒకే ఒక్క విశేషం మీరు పెరట్లోకి రావడం. దాని మొరుగుడు సాగదీసినట్టు, ఆగి ఆగి, మధ్యలో మూలుగుతో ఉంటుంది. ఇలాంటివే అన్నిటికంటే త్వరగా మచ్చికవుతాయి.

ఏది ఏదో తేల్చుకోవడానికి ఒళ్లు చూడండి. ఒళ్లంతా బిగుసుకుని, బరువు ముందు కాళ్ల మీద వేసి, నోరు మూసి, రెప్ప వేయకుండా చూస్తుంటే ఆ రోజుకు దగ్గరికి పోవద్దు. చెవులు వెనక్కి అణిచి, తోక కాళ్ల మధ్య పెట్టి, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కచూపు చూస్తుంటే భయం. తిండి ముందు లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, ఇవన్నీ నాకు ఇబ్బందిగా ఉంది, కొంచెం దూరం జరుగు అని చెప్పడమే. ముందు కాళ్లు నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తి గెంతుతుంటే ఆటకు పిలుస్తోంది.

రెండు నమ్మకాలు మాత్రం వదిలేయాలి. మొరిగే కుక్క కరవదన్నది సామెతగా బాగుంటుంది, కంచె దగ్గర నమ్ముకోవడానికి పనికిరాదు. మొరిగే కుక్కలూ కరుస్తాయి. అలాగే తోక ఊపిందల్లా స్నేహం కాదు. తోక నిటారుగా లేపి, బిగపట్టి, కొస మాత్రమే వేగంగా కొడుతుంటే అది హెచ్చరిక. నడుముతో సహా ఒళ్లంతా ఊగుతూ తోక వదులుగా ఆడితేనే సంతోషం.

మొదటి మెట్టు: ఇంటివాళ్లతో మాట్లాడండి

కుక్క కంటే ముందు మచ్చిక చేసుకోవలసింది దాన్ని పెంచేవాళ్లను. ఎలా మొదలుపెడతారన్నదే ముఖ్యం. మీ కుక్క గోల భరించలేకపోతున్నాం అంటే తలుపు మూసుకున్నట్టే. "వదినా, మీ టామీ నన్ను జూస్తానే ఎగిరెగిరి పడతాంది. దాన్నేం అనొద్దులే. మీరు సరేనంటే నేనే కొంచెం మచ్చిక చేసుకుంటా" అని అడిగితే కాదనేవాళ్లు అరుదు. పైగా వాళ్లకూ సిగ్గుగానే ఉంటుంది, మీరు అలా అడగ్గానే సగం బరువు దిగిపోతుంది.

పనిలో పనిగా కొన్ని విషయాలు తెలుసుకోండి. దాన్ని ఏ పేరుతో పిలుస్తారు, ఎప్పుడు తింటుంది, ఏమి పడదు, ఎవరినైనా కరిచిందా, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు. టీకా సంగతి మొహమాటపడకుండా అడగాలి. కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం, మన దగ్గర మామూలుగా ఏటా, మళ్లీ వేయిస్తుండాలి. వేయించలేదంటే జూలై 6 గుర్తు చేయండి. జూనోసిస్ దినమని, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన రోజని, ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. టీకా లేని కుక్కతో కంచె దాటి స్నేహం మొదలుపెట్టవద్దని నా గట్టి మాట.

తిండి పెట్టడానికి అనుమతి విడిగా అడగాలి. దొంగలు విషం కలిపిన మాంసం విసిరి కాపలా కుక్కల్ని చంపుతారన్న భయం మన ఊళ్లలో ఉంది, అది ఉత్త భయమూ కాదు. అందుకే బయటివాళ్లు వేసింది తినకుండా కొందరు అలవాటు చేస్తారు. అలాంటి ఇంట్లో మీరు బిస్కెట్టు విసిరితే వాళ్ల కష్టం మీరు పాడుచేసినట్టే. వద్దంటే వాళ్ల చేతనే పెట్టించండి. మీరు పెరట్లోకి వచ్చిన ప్రతిసారీ ఇంటివాళ్లే దానికి చిన్న ముక్క ఇస్తే చాలు, ఫలితం అదే. నిజానికి భయస్థురాలైన కుక్క విషయంలో ఇదే మేలు, తెలిసిన చేతినుంచి వచ్చిన తిండి కాబట్టి ధైర్యంగా తింటుంది.

రెండో మెట్టు: గీత ఎక్కడుందో కనుక్కోండి

రెండు మూడు రోజులు ఏమీ చేయకుండా గమనించండి. మీరు ఎంత దూరంలో ఉన్నప్పుడు అది చూస్తుంది కానీ మొరగదు? తల ఎత్తుతుంది, చెవులు నిక్కిస్తుంది, నోరు మాత్రం విప్పదు. ఆ చోటే గీత, మీ పని అంతా అక్కడి నుంచే మొదలవ్వాలి. బావి గట్టు కావచ్చు, మునగ చెట్టు కావచ్చు, వెనక తలుపు గడపే కావచ్చు. ఏదో ఒక గుర్తు పెట్టుకోండి.

ఏం చూసి ఎక్కువ రెచ్చిపోతుందో కూడా చూడండి. హెల్మెట్, గొడుగు, చీపురు, భుజాన గోతం, చేతికర్ర, ఇవి చాలా కుక్కలకు పడవు. హెల్మెట్ పెట్టుకుంటే మనిషి ముఖం పోతుంది. మీ మీద కోపమనుకున్నది చాలాసార్లు మీ చేతిలోని చీపురు మీద భయం. మొదటి రోజుల్లో అవేవీ లేకుండా వెళ్లండి, మచ్చికయ్యాక ఒక్కొక్కటీ చూపించవచ్చు.

మూడో మెట్టు: ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు

ఉప్పూ కారమూ మసాలా లేకుండా నీళ్లలో ఉడికించిన చికెన్‌ను మించింది లేదు. ఎముక తీసేసి పచ్చిశనగ గింజంత ముక్కలు చేసి ఒక డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు మూడు రోజులు వస్తాయి. మాంసం తినని ఇంట్లో ఉడికించిన గెనుసుగడ్డ, క్యారెట్, గుమ్మడి ముక్కలు, కొంచెం ఇడ్లీ పనికొస్తాయి. ఇంటివాళ్లు రోజూ పెట్టే పెడిగ్రీ గింజలే అడిగి తీసుకోవచ్చు కూడా, కాకపోతే రోజూ దొరికేదానికి అది అంతగా కరగదు. ముక్క చిన్నదే కావాలి. పెద్ద ముక్క అయితే నమలడంలో మిమ్మల్ని మరిచిపోతుంది, నాలుగు ముక్కలకే కడుపు నిండిపోతుంది. రోజు తిండిలో ఈ పైముక్కలు పదో వంతు దాటకూడదు.

మన వంటింటి మిగులు మాత్రం వద్దు. ఉగ్గానిలో ఉల్లిపాయ ఉంటుంది, పచ్చిమిర్చి ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. నాటుకోడి పులుసులో ఉడికిన ఎముకలు సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ద్రాక్ష, పాయసంలో వేసే ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు. చాక్లెట్ విషం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ కొద్దిగా పోయినా ప్రాణం మీదికి వస్తుంది. ఇవి పిల్లలకు కూడా చెప్పి ఉంచండి, ప్రేమకొద్దీ పెట్టేది వాళ్లే.

నాలుగో మెట్టు: కనబడటం, విసరడం, వెళ్లిపోవడం

అసలు పని ఇదే. తొందరపడకుండా చదవండి.

ముందు అనుకున్న గుర్తు దగ్గరికి రండి. కుక్క మిమ్మల్ని చూడాలి. చూసిన మరుక్షణం ఒక ముక్క దాని వైపు నేల మీదుగా విసరండి. బండ సందులోంచి అవతలికి పడేలా చేయి కిందుగా ఊపి విసరాలి. చేయి పైకెత్తితే రాయి అనుకుంటుంది, మన వీధుల్లో పెరిగిన ఏ కుక్కకైనా ఆ చేయి ఎత్తడం అంటే ఏమిటో తెలుసు. ముక్క తిన్నాక ఇంకోటి, ఇంకోటి. నాలుగైదు అయ్యాక మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోండి. ఒకటి రెండు నిమిషాలు చాలు. రోజుకు రెండు మూడుసార్లు.

వరుస తప్పకూడదు. ముందు మీరు, తర్వాత ముక్క. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పరిశోధనల్లోనే ఆయన గమనించిందేమిటంటే, తిండి రాబోతోందని తెలిపే గుర్తుకే కుక్కకు నోరూరడం మొదలవుతుంది. గుర్తు ముందు వచ్చి, తిండి వెనక వస్తేనే ఆ ముడి పడుతుంది. ఇక్కడ ఆ గుర్తు మీరు. డబ్బా చప్పుడు చేసి, ముక్కలు విసిరి, ఆ తర్వాత మీరు బయటికొస్తే వరుస తిరగబడుతుంది. తిండి పడితే వాడు వస్తున్నాడు జాగ్రత్త అని నేర్చుకుంటుంది.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. మొరుగుతున్నప్పుడు ముక్క వేస్తే మొరిగినందుకు బహుమానం ఇచ్చినట్టు కాదా? భయంతో మొరిగే కుక్క విషయంలో కాదు. భయం తిండితో పెరగదు, తగ్గుతుంది. అయినా అది మొరుగుతోందంటే మీరు గీత దాటి దగ్గరికొచ్చారని లెక్క. రెండడుగులు వెనక్కి జరగండి, అక్కడ మొరగకుండా చూసినప్పుడు వేయండి. ముక్క వేసినా ముట్టుకోకుండా మొరుగుతోందంటే ఇంకా వెనక్కి. ఆకలి ఉన్న కుక్క కూడా టెన్షన్‌లో తినదు. తినడం మొదలుపెట్టిందంటే మనసు కొంచెం కుదుటపడిందన్నమాట.

మార్పు మొరుగుడులోనే ముందు వినబడుతుంది. మా పక్కింటి 'కర్రి' అనే నల్ల నాటుకుక్క మొదట్లో సందులో మూతి ఇరికించి, పై పెదవి బండకు రాసుకుపోయి పళ్లు కనబడేలా అరిచేది. ప్రతి అరుపుకూ ముందు కాళ్లు రెండూ నేల నుంచి లేచేవి. కొన్నాళ్లకు కాళ్లు లేవడం ఆగింది. అరుపు మధ్యలో చిన్న ఖాళీ వచ్చింది, ఆ ఖాళీలో ముక్కు రంధ్రాలు కదిలేవి. నా చేతిలోని డబ్బా వైపు ఒకసారి చూసి, ఒక్క 'భౌ' అని, మళ్లీ డబ్బా వైపు చూసేది. తర్వాత ఒకరోజు నన్ను చూసి మొరగలేదు, గబుక్కున కూర్చుంది. కూర్చోమని నేను చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. అలాంటి క్షణం మీకు దొరికితే డబ్బాలో ఉన్న ముక్కలన్నీ ఒకేసారి వేసేయండి.

ఐదో మెట్టు: దగ్గరవడం

వరుసగా కొన్ని రోజులు గుర్తు దగ్గర మొరగకుండా మీకోసం చూస్తుంటే ఒకడుగు ముందుకు జరగండి. ఒక్కటే. అక్కడ కూడా కుదురుకున్నాక ఇంకొకటి. ఏ రోజైనా మళ్లీ మొరుగుడు మొదలైతే వెనకటి చోటికి పోండి, నిరాశపడాల్సిందేమీ లేదు. ముందు రోజు రాత్రి ఊరేగింపు తప్పెట్లు మోగి ఉండవచ్చు, దాన్ని ఇంట్లో ఎవరో కొట్టి ఉండవచ్చు. ఒకదాని మీద ఒకటి పడ్డ బెదురు దిగడానికి కుక్కకు ఒక రోజు కంటే ఎక్కువే పట్టవచ్చు.

నేరుగా ఎదురు నడవకండి. కంచెకు పక్కగా, కొంచెం వంపు తిరిగి రండి. భుజం దాని వైపు ఉండాలి, ఛాతీ కాదు. కళ్లలోకి గుచ్చి చూడటం కుక్కల్లో కయ్యానికి పిలవడం, చూపు దాని చెవి మీదో నేల మీదో పెట్టి మెల్లగా రెప్పలు వేయండి. వంగి మీద పడినట్టు నిలబడే బదులు గొంతుక్కూర్చోవడమో, చిన్న పీట వేసుకోవడమో మంచిది. పేరు పెట్టి మెత్తగా, మామూలు గొంతుతో పిలవండి. కుక్క మనకంటే చాలా సన్నని, ఎత్తు శబ్దాలు కూడా వింటుంది, మనకు 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే దానికి 45 వేల దాకా వినబడుతుంది. అరిచి పిలవాల్సిన పనే లేదు.

ఊరికే కూర్చోవడం కూడా ఇందులో భాగమే. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూనో ఫోను మాట్లాడుకుంటూనో కంచె వైపు వీపు పెట్టి కాసేపు ఉండండి, మధ్యమధ్య ఒక ముక్క వెనక్కి వేయండి. మీరు దాన్నేమీ అడగడం లేదని తెలిస్తే అది తనంతట తానే సందు దగ్గరికి వచ్చి వాసన చూస్తుంది.

సందులో చేయి పెట్టకండి

అదలా వాసన చూస్తుంటే చేయి సందులోకి పెట్టాలనిపిస్తుంది. వద్దు. బండల మధ్య చేయి ఇరుకున్నాక కుక్క బెదిరితే వెనక్కి లాక్కునే దారి ఉండదు. పిడికిలి మూతి ముందు పెట్టి వాసన చూపించాలన్న పాత సలహా కూడా అనవసరం, మీ వాసన దానికి ఇంటి గడప దాటకముందే తెలుసు. కంచె ఇవతలి నుంచి ముక్కలు నేల మీద వేయడం దగ్గరే ఆగండి. చేతితో పెట్టడం కంచె లేని చోటే.

ఆరో మెట్టు: వీధిలో కలవడం

కంచె దగ్గర కుదురుకున్నాక ఇంటివాళ్లను దాన్ని బెల్టు వేసి వీధిలోకి తీసుకురమ్మనండి. మీ ఇంటి ముందు కాదు, వాళ్ల గేటు ముందూ కాదు. కొంచెం దూరంగా, ఎవరిదీ కాని చోట. ఎదురెదురుగా కలవకుండా ఇద్దరూ ఒకే వైపు, మధ్యలో వీధి వెడల్పు వదిలి నడవండి. ఇంటివాళ్లతో మామూలుగా కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే ఈ మనిషి మనవాళ్లకు తెలిసినవాడే అని కుక్క గ్రహిస్తుంది. నడుస్తూ నడుస్తూ ఎడం తగ్గించుకోండి. గొలుసు బిగపట్టి లాగవద్దని చెప్పండి, బిగుతు గొలుసు కుక్కను ఇంకా బిగుసుకునేలా చేస్తుంది.

అదే మీ దగ్గరికి వచ్చి కాళ్లు, చెప్పులు వాసన చూడనివ్వండి. కదలకుండా ఉండండి. వాసన చూసి పక్కకు పోతే ఆ రోజుకు చాలు. వచ్చి ఒళ్లు ఆనించి నిలబడితే ఛాతీ మీదో భుజం పక్కనో మూడు క్షణాలు నిమిరి చేయి తీసేయండి. మళ్లీ చేయి కిందికి మూతి దూరిస్తే ఇంకా కావాలని అర్థం. కదలక మెదలక నిలబడిపోయినా, ముఖం తిప్పుకున్నా వద్దని అర్థం. తల మీద తట్టడం చాలా కుక్కలకు నచ్చదు, కౌగిలించుకోవడం అసలు నచ్చదు.

ఎండాకాలం లెక్క వేరు

మార్చి నుంచి జూన్ దాకా కడపలో ఈ పనులు పొద్దున ఏడు లోపు, సాయంత్రం పొద్దు వాలాకే. మేలో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే, నాపరాయి గాలి కంటే ఎక్కువ కాలుతుంది. మీ అరచేతి వెనుక వైపు ఐదు క్షణాలు బండ మీద ఆనించలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. కుక్క ఒంటి వేడి ముఖ్యంగా రొప్పడం ద్వారానే దిగుతుంది, మనకు పట్టినట్టు ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతున్న కుక్క చేత మొరిగించినా, పరుగెత్తించినా ప్రమాదమే. చొంగ చిక్కగా కారుతూ తూలుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, మామూలు చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చేసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

కంచె మొదట్లో నీడ పడేచోట ఒక సిమెంటు తొట్టి పెట్టి నీళ్లు పోయడానికి ఇంటివాళ్లను ఒప్పించగలిగితే చాలా మేలు. దాహంతో ఉన్న కుక్క చిరాకు ఎక్కువ. ఎండాకాలంలో సగం మొరుగుళ్లకు నీళ్లే మందు అని నా నమ్మకం.

దీపావళి పటాకుల రోజుల్లో, పెళ్లి బాజాల రోజుల్లో కొత్తగా ఏదీ నేర్పబోకండి. దాన్ని లోపల పెట్టుకోమని చెప్పి మీ పని మీరు చూసుకోండి.

ఇంట్లో పిల్లలుంటే

సందులోంచి పుల్ల పొడవడం, మొరిగితే మొరగడం, గులకరాళ్లు విసిరి పారిపోవడం పిల్లలకు ఆట. మీ నెల కష్టాన్ని ఆ ఆట ఒక పూటలో ఊడ్చేస్తుంది. కోప్పడే బదులు వాళ్లనూ పనిలో కలుపుకోండి. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు మాత్రమే ఒక్కో ముక్క వాళ్ల చేత వేయించండి.

కుక్క మీదికి వస్తే ఏం చేయాలో ముందే నేర్పాలి. పరుగెత్తకూడదు, అరవకూడదు. చెట్టులా కదలకుండా, చేతులు ఒంటికి ఆనించుకుని, చూపు నేల మీద పెట్టి నిలబడాలి. పడిపోతే ముడుచుకుని చేతులతో మెడ, చెవులు కప్పుకోవాలి. ఇంట్లోనే ఆటగా రెండు మూడుసార్లు చేయించండి. తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క జోలికి పోకూడదన్నది కూడా అప్పుడే చెప్పేయండి.

అయినా తగ్గకపోతే

సందులు మూయండి. తడిక కట్టినా, పాత గోనెసంచులు కుట్టి వేలాడదీసినా, నర్సరీల్లో వాడే ఆకుపచ్చ నెట్ కట్టినా సరే. కాళ్లు కదలడం కనబడకపోతే చాలా కుక్కల్లో చిరాకు అక్కడికక్కడే తగ్గుతుంది. ఎత్తు దాని కంటి మట్టం దాటితే చాలు.

గొలుసు సంగతి ఇంటివాళ్లతో నెమ్మదిగా మాట్లాడండి. పొద్దంతా పొట్టి గొలుసుకు కట్టేసిన కుక్క మొరగక ఏం చేస్తుంది? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టేసి ఉంచడం నేరం. ఈ మాటను బెదిరింపుగా వాడితే స్నేహం పోతుంది. "అన్నా, సాయంత్రం అరగంట నేను నడిపించుకొస్తా, ఇయ్యి" అంటే గొలుసూ తెగుతుంది, మొరుగుడూ తగ్గుతుంది.

మునుపు నెమ్మదిగా ఉండి ఉన్నట్టుండి రెచ్చిపోతుంటే నొప్పి ఉందేమో చూపించమనండి. చెవిలో చీము, పంటి బాధ, కీళ్ల నొప్పి కుక్కను మార్చేస్తాయి. ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించవచ్చు, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది.

కారం చల్లడం, వేడినీళ్లు పోయడం, కర్రతో బండల మీద కొట్టడం, కరెంటు షాకు ఇచ్చే బెల్టులు, వీటి ఊసే వద్దు. అవి పని చేసినట్టు కనబడే రోజున జరిగేది ఒకటే, కుక్క మొరగడం మానేసి సరాసరి కరవడం నేర్చుకుంటుంది.

పన్ను తగిలితే

ఎంత మచ్చికైన కుక్కైనా, టీకా వేయించినదైనా, పన్ను దిగినా గీరుకున్నా, పుండు మీద నాకినా, వెంటనే పంపు కింద సబ్బు పెట్టి 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు ఏవీ పూయకూడదు. నేరుగా ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పాతకాలపుది, ఇప్పుడు భుజానికే వేస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మొదటి సూది రోజును సున్నాగా లెక్కేసి, ఆ రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో చర్మంలోకి వేసే పద్ధతి వాడుకలో ఉంది. కండకు వేస్తే 14వ రోజు కూడా ఉంటుంది. రక్తం కారితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పని మొదలుపెట్టేదాకా కాపాడే మందు) కూడా అవసరం, డాక్టరును అడగండి. కుక్కను 10 రోజులు గమనిస్తూ ఉండాలి, అంతమాత్రాన మీ సూదులు మొదలుపెట్టడం వాయిదా వేయకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

మచ్చికయ్యాక

ముక్కలు ఒక్కసారిగా ఆపేయకండి. రోజూ వేసేది రెండు రోజులకోసారి, తర్వాత ఎప్పుడో ఒకసారి. పేరు పెట్టి పిలిచే మాట మాత్రం రోజూ ఉండాలి. ఇంట్లో మిగతావాళ్లకు, వచ్చిపోయే చుట్టాలకు ఈ మచ్చిక దానంతటదే రాదు. మీ నాన్నకు, మీ కోడలికి విడివిడిగా మళ్లీ నాలుగో మెట్టు నుంచి మొదలుపెట్టించాలి, కాకపోతే మీరు పక్కన నిలబడితే వాళ్లకు త్వరగా అవుతుంది.

పక్కింటివాళ్లు సంక్రాంతికి ఊరు పోతూ మిమ్మల్నే చూసుకోమనే రోజు వస్తుంది. ఒప్పుకునే ముందు వాళ్లుండగానే రెండు పూటలు మీ చేత్తో అన్నం పెట్టి చూడండి. గేటు లోపలికి మీరు ఒక్కరే వచ్చినప్పుడు కుక్క వేరేగా ఉండవచ్చు, అది కూడా వాళ్లుండగానే తేలాలి. గిన్నె పెట్టి వెనక్కి జరగండి, తింటున్నంతసేపు గిన్నె ముట్టుకోకండి. టీకా కార్డు, డాక్టరు నంబరు, రోజూ వేసే మాత్రలేవైనా ఉంటే అవి, గేటు తాళంచెవి, ఈ నాలుగూ చేతిలో పెట్టాకే వాళ్లను బస్సెక్కనివ్వండి.